ఒంటి స్పీకరు మీద పడ్డ నింద

ఒక్క స్పీకరుతో సంగీతం పూర్తిగా రాదు. ఈ మాటకి ఇప్పుడు ఎవరూ రుజువు అడగడం లేదు. అమ్మేవాళ్లు చెబుతారు, కొనేవాళ్లు తలూపుతారు, ఆడియో గురించి రాసేవాళ్లు మొదటి పేరాలోనే ఒప్పేసుకుని ముందుకు సాగిపోతారు. బేస్‌కి వూఫర్ ఉండాలి, పైస్వరాలకి ట్వీటర్ ఉండాలి, వీలైతే మధ్యలో ఇంకొకటి ఉండాలి, ఎన్ని ఎక్కువుంటే అంత మేలు. పెట్టె ముఖాన ఒక్కటే కోన్ కనిపిస్తే అది పాత రేడియో అయినా అయ్యుండాలి, స్కూలు పిల్లల ప్రాజెక్టయినా అయ్యుండాలి.

ఈ అభిప్రాయం పునాదిలోనే తప్పు. ఇంటి గదిలో కూర్చుని మనిషి గొంతునీ, తీగనీ, మృదంగాన్నీ వినడానికి శ్రద్ధగా కట్టుకున్న ఫుల్‌రేంజ్ బాక్సు, అంటే ఒక్క కోనే అన్ని స్వరాలూ పలికే పెట్టె, సరిపోతుంది. అదే డబ్బుకి దుకాణంలో దొరికే రెండు మూడు స్పీకర్ల పెట్టెల కన్నా చాలాసార్లు నిజానికి దగ్గరగా పలుకుతుంది కూడా. కాగితం మీద లెక్క వేసి చూపించవచ్చు, పక్కపక్కన పెట్టి వినిపించనూవచ్చు.

రెండు స్పీకర్ల పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చూడాలి. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేసిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ 1925లో ప్రకటించిన స్పీకరే ఈనాటి కోన్ స్పీకర్లకి మూలం. అందులో ఉన్నది ఒకే కాయిల్, ఒకే కోన్. ఆ తర్వాత టాకీలొచ్చాయి. వేలమంది కూర్చునే హాలు చివరి వరుస దాకా మాట వినపడాలి, ఆనాటి ఆంప్లిఫయర్లేమో కొద్ది వాట్లవి. ఆ అవసరం కోసం 1930లలో ఎం.జి.ఎం. స్టూడియోలో డగ్లస్ షియరర్, జాన్ హిల్లియర్డ్ బృందం కింది స్వరాలకి ఒక హార్న్, పైస్వరాలకి ఇంకో హార్న్ పెట్టి సినిమా హాలు స్పీకరు తయారు చేసింది. హాలు సమస్యకి అది గొప్ప పరిష్కారం. పన్నెండడుగుల గదిలో, మూడు మీటర్ల దూరంలో కూర్చున్న నలుగురికి ఆ సమస్యే లేదు. సమస్యని హాల్లోనే వదిలేసి పరిష్కారాన్ని మాత్రం ఇంటికి తెచ్చుకున్నాం.

ఆ పరిష్కారం రాకముందు మన ఇళ్లలో ఏముండేదో చూడండి. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరులో మొదలైంది. భక్తిరంజనిని, కచేరీలని, నాటకాలని, ఘంటసాల పాటని దశాబ్దాల పాటు తెలుగు ఇళ్లు విన్నది చాలావరకు ఒంటి స్పీకరు రేడియోల్లోనే. పాతరోజుల మీద మమకారంతో ఈ మాట అనడం లేదు. ఆ సెట్లలో లోపాలు బోలెడు. వెనక తెరిచి ఉన్న పల్చని చెక్కపెట్టె, నాసిరకం కాగితం కోను, 5000 హెర్ట్జ్ దాటితే ఏమీ పలకని మీడియం వేవ్ ప్రసారం. అయినా అందులో గొంతు ఒక్కచోట నిలబడి పలికేది. ‘స’కీ ‘శ’కీ తేడా పక్కగదిలోకి కూడా తెలిసేది. అన్ని లోపాల మధ్య ఈ గుణం ఎలా దక్కిందన్నదే అడగాల్సిన ప్రశ్న. జవాబు క్రాసోవర్‌లో, అంటే స్వరాలని విడగొట్టి వూఫర్‌కీ ట్వీటర్‌కీ పంచే భాగంలో ఉంది. ఆ సెట్లలో అది లేదు.

మన చెవి అన్నిటికన్నా చురుగ్గా ఉండేది సుమారు 2000 నుంచి 5000 హెర్ట్జ్ మధ్య. హల్లుల స్పష్టత, వీణ తీగ మీద గోరు తగిలిన ఆ మొదటి క్షణం, వయొలిన్ కమాను ఒరిపిడి ఇక్కడే ఉంటాయి. మామూలు రెండు స్పీకర్ల పెట్టెలో వూఫర్ తప్పుకుని ట్వీటర్ అందుకునేది కూడా సరిగ్గా ఇక్కడే, 2000కీ 3500కీ మధ్య. ఒకటో శ్రుతిలో పాడే గాయకుడి షడ్జం సుమారు 131 హెర్ట్జ్. దాని పంతొమ్మిదో హార్మోనిక్ 2489 హెర్ట్జ్. క్రాసోవర్ 2500 దగ్గర ఉంటే ఆ ఒక్క స్వరంలోని మొదటి పంతొమ్మిది హార్మోనిక్స్‌లో ఎక్కువ భాగాన్ని కాగితం కోను, ఇరవయ్యో దాని నుంచి గుడ్డ గోళమో లోహపు గోళమో పలుకుతాయి. ఒకే వాక్యంలో సగం ఒకరు, సగం ఇంకొకరు చదివినట్టు. ఇద్దరి గొంతులూ అతకాలి, ఇద్దరూ ఒకే క్షణంలో అందుకోవాలి, ఒకే చోటు నుంచి వినపడాలి. మంచి డిజైనరు ఇది సాధించగలడు, సాధించినవాళ్లున్నారు. అది కష్టమైన పని, ఖరీదైన పని కూడా. చవక పెట్టెలో ఆ పని జరగదు.

ఒకే చోటు అన్నాను కాబట్టి దాని లెక్క కూడా చెప్పాలి. వూఫర్ మధ్యనుంచి ట్వీటర్ మధ్యకి సాధారణంగా 15 సెంటీమీటర్లుంటుంది. 2500 హెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 14 సెంటీమీటర్ల లోపే. పెట్టెకి రెండున్నర మీటర్ల దూరంలో కూర్చున్న మనిషి లేచి నిలబడితే చెవి అరమీటరు పైకి వెళ్తుంది. అప్పుడు రెండు స్పీకర్ల నుంచి చెవికి ఉన్న దూరాల తేడా దాదాపు 3 సెంటీమీటర్లు మారుతుంది, అంటే తరంగంలో ఐదో వంతు. ఇందాక కలిసి పలికినవి ఇప్పుడు కొంత ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. దీన్ని పరీక్షించడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. తంబూరా ఒక్కటే ఉన్న రికార్డింగు పెట్టి, కూర్చుని విని, లేచి నిలబడి వినండి. రెండు స్పీకర్ల పెట్టెలో నాదం రంగు మారుతుంది. పక్కనే నాలుగంగుళాల ఫుల్‌రేంజ్ పెట్టి అదే చేయండి. పైస్వరాలు కాస్త తగ్గుతాయేమో గానీ తంబూరా ముక్కలు కాదు.

తంబూరానే ఎంచుకోవడానికి కారణముంది. బ్రిడ్జి మీద తీగ కింద పెట్టే నూలుదారం వల్ల ఆ వాద్యంలో హార్మోనిక్స్ అసాధారణంగా పుడతాయి. విశాఖపట్నంలో చదువుకున్న సి.వి.రామన్ 1921లోనే తంబూరా, వీణల బ్రిడ్జి మీద పరిశోధన పత్రం రాశారు. తంబూరా నాదమంటే హార్మోనిక్స్ గుంపే. ఆ గుంపుని రెండుగా చీల్చే ఏ పెట్టె అయినా దాన్ని సరిగ్గా అతికి చూపించాలి.

ఇక దుకాణాల్లో అమ్ముడుపోయే పెట్టెల లోపల ఏముందో చెబుతాను. ముందు మూడు స్పీకర్లు, వెనక వందల వాట్ల అంకె వేసిన పెట్టె ఒకటి నా బల్ల మీదకి వచ్చింది. స్క్రూలు విప్పితే ట్వీటర్ వెనక ప్లస్ వైరులో 4.7 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఒకటి వేలాడుతోంది. క్రాసోవరంటే అదే. వూఫర్‌కి కాయిల్ లేదు, ఆంప్లిఫయర్ నుంచి వచ్చిందంతా నేరుగా దానికే. 8 ఓమ్స్ ట్వీటర్‌తో ఆ కెపాసిటర్ 4200 హెర్ట్జ్ దగ్గర, అదీ చాలా నెమ్మదిగా కోస్తుంది. అంటే 2000 నుంచి పైదాకా వూఫర్, ట్వీటర్ రెండూ ఒకే స్వరాన్ని వేర్వేరు చోట్ల నుంచి ఒకేసారి పలుకుతున్నాయి. మూడోది ఉత్త ప్లాస్టిక్ కోను, దాని వెనక మాగ్నెటే లేదు. ఇలాంటి పెట్టె పక్కన నిలబెట్టి ఒంటి స్పీకరుని అసంపూర్ణం అనడం అన్యాయం.

పెద్ద కంపెనీలు దశాబ్దాలుగా ఏం చేస్తున్నాయో చూస్తే ఈ వాదన ఇంకా తేటపడుతుంది. టానాయ్ 1947లో ట్వీటర్‌ని తెచ్చి వూఫర్ నడిమధ్యలో పెట్టింది. క్వాడ్ కంపెనీ 1981లో తెచ్చిన ఇ.ఎస్.ఎల్.-63 ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్లో పలుచని పొర వెనక వలయాలుగా ఎలక్ట్రోడ్‌లు పెట్టి, ఒక్కో వలయానికి సంకేతాన్ని కొద్దిగా ఆలస్యం చేసి, శబ్దమంతా ఒక్క బిందువు నుంచి పుట్టినట్టు చేశారు. కె.ఇ.ఎఫ్. 1988లో అలాగే రెండింటినీ ఒకేచోట పెట్టిన యూని-క్యూ తెచ్చింది. వీళ్లందరూ మహా ఖర్చుతో వెతికింది ఒకే చోటు నుంచి పుట్టే శబ్దం కోసమే. నాలుగంగుళాల కోనుకి ఆ గుణం పుట్టుకతోనే ఉంది.

హెడ్‌ఫోన్ల సంగతి ఎవరూ ఎత్తరు. స్టూడియోల్లో వాడే ఖరీదైన హెడ్‌ఫోన్లలో చాలావాటిలో చెవికి ఒకటే పొర. అది 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా పలుకుతుంది. అందులో వూఫర్ లేదేమని అడిగినవాణ్ణి నేను చూడలేదు. అంటే ఒక్క పొర అన్ని స్వరాలూ పలకలేదన్న సూత్రమే అబద్ధం. హెడ్‌ఫోనుకీ గదిలో పెట్టే స్పీకరుకీ ఉన్న అసలు తేడా ఎంత గాలిని కదపాలన్నది. వాదన జరగాల్సింది అక్కడ.

బేస్ దగ్గరికి వద్దాం. నాలుగంగుళాల కోను విస్తీర్ణం సుమారు 50 చదరపు సెంటీమీటర్లు. అదే గట్టిదనంతో స్వరం ఒక స్థాయి కిందికి దిగితే కోను నాలుగింతలు ఎక్కువ కదలాలి. 80 హెర్ట్జ్ దగ్గర ఒక మిల్లీమీటరు కదిలితే 40 దగ్గర నాలుగు మిల్లీమీటర్లు కదలాలి, ఇంత చిన్న కోను అంత కదల్లేదు. కాబట్టి పెళ్లి ఊరేగింపు డీజే బాక్సులా ఛాతీని కొట్టే శబ్దం దీన్నుంచి రాదు. ఒప్పుకుంటాను, ఇందులో దాచాల్సిందేమీ లేదు. కానీ మన సంగీతం ఎక్కడుందో కూడా చూడాలి. ఒకటో శ్రుతిలో మంద్ర పంచమం 98 హెర్ట్జ్. ఐదో శ్రుతిలో పాడే గాయని మధ్య షడ్జం 196. కచేరీలోనూ సినిమా పాటలోనూ గొంతు దాదాపు అంతా, మాట దాదాపు అంతా సుమారు వంద హెర్ట్జ్ పైన ఉంది. మృదంగం తొప్పి మోత దానికి కిందికి దిగుతుంది, అది పలచబడుతుంది. వలంతల వైపు పలికే నాదం మాత్రం చెక్కు చెదరదు. మృదంగాన్ని మృదంగంగా గుర్తుపట్టేది ఎక్కువగా ఆ నాదంతోనే.

ఆ కింది స్థాయి కూడా కావాలనుకునేవాళ్లకి అడ్డేమీ లేదు. కింద ఒక సబ్‌వూఫర్ పెట్టుకుని 80, 100 హెర్ట్జ్ దగ్గర కోసుకోవచ్చు. అక్కడ తరంగం పొడవు నాలుగుంబావు మీటర్లు, మూడున్నర మీటర్లు. రెండు పెట్టెల మధ్య అరమీటరు దూరమున్నా చెవికి తెలీదు, గొంతు ఒక్క కోనులోనే ఉండిపోతుంది. నేను అడ్డు చెబుతున్నది గొంతుని 2500 దగ్గర నరకడానికి. సబ్‌వూఫర్ పెట్టకపోయినా ఒక పని చేయాలి. చిన్న కోను లోతైన బేస్‌కి ఊగుతుంటే, అదే కోను మీద ఉన్న గొంతు కూడా దాంతోపాటు వణుకుతుంది. ఒంటి స్పీకరు మీద చేసే ఆరోపణల్లో ఇది బలమైనది. దీనికి మందు కొద్ది రూపాయల్లో ఉంది. ఆంప్లిఫయర్ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ 20 కిలోఓమ్స్ అయితే, దాని ముందు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ వరసలో పెడితే 80 హెర్ట్జ్ కింద తగ్గిపోతుంది. కోను ఊగడం తగ్గుతుంది, గొంతు తేరుకుంటుంది.

వాట్ల వాదన మీద ఎక్కువ కాలం గడపక్కర్లేదు. మంచి నాలుగంగుళాల ఫుల్‌రేంజ్, ఉదాహరణకి 1964 నుంచి పేరున్న ఫోస్టెక్స్ ఎఫ్.ఇ.103 కుటుంబం, ఒక్క వాటుకి ఒక మీటరు దూరంలో సుమారు 89 డెసిబెల్స్ ఇస్తుంది. మామూలు సంభాషణ 60 దగ్గర ఉంటుంది. పి.ఎం.పి.ఓ. పేరుతో పెట్టెల మీద అచ్చువేసే వేల అంకెలకి ఒక ప్రమాణమంటూ లేదు, వాటితో వాదించడం అనవసరం.

ఇప్పుడు మా పక్షం వాళ్లతో కూడా ఒక మాట తేల్చుకోవాలి. ఆంప్లిఫయర్‌కీ కోనుకీ మధ్య ఏమీ ఉండకూడదు, ఒక్క కాయిల్ పెట్టినా పవిత్రత పోతుంది అనేవాళ్లున్నారు. ఒంటి స్పీకరుకి చెడ్డపేరు తేవడంలో సగం వాటా వీళ్లదే. తేలిక కాగితం కోను, దాని నడుమ అతికించిన చిన్న రెండో కోను ఉన్న స్పీకర్లు చాలావాటిలో 2000 హెర్ట్జ్ దాటాక శబ్దం ఎగిసిపడుతుంది. గాయని తారస్థాయికి వెళ్లగానే అరిచినట్టుంటుంది. దీనికి తోడు పెట్టె ముఖం వెడల్పు వల్ల ఇంకో చిక్కు. 20 సెంటీమీటర్ల ముఖమున్న పెట్టెలో సుమారు 575 హెర్ట్జ్ పైనున్న శబ్దం ముందుకే వస్తుంది, కిందిది పెట్టె చుట్టూ తిరిగి వెనక్కి కూడా పోతుంది. ఫలితంగా కింది స్వరాలు 6 డెసిబెల్స్ దాకా బలహీనపడతాయి. ఈ రెండింటినీ అలాగే వదిలేసి ఇదే స్వచ్ఛత అంటే వినేవాడు పారిపోతాడు. 1.5 మిల్లీహెన్రీ కాయిల్‌కి 4.7 ఓమ్స్ రెసిస్టరు సమాంతరంగా కట్టి, ఆ జంటని స్పీకరు వైరులో వరసగా పెడితే పై భాగం 4 డెసిబెల్స్ తగ్గి గొంతుకి ఒళ్లు వస్తుంది. ఇది శబ్దాన్ని రెండు స్పీకర్లకి పంచడం కాదు కాబట్టి దీన్ని క్రాసోవర్ అనడానికి వీల్లేదు. కోను ఒకటే, చోటు ఒకటే.

పక్కలకి పైస్వరాలు తగ్గుతాయన్న ఆక్షేపణ నిజమే. కదిలే భాగం 8 సెంటీమీటర్లుండే కోను 4300 హెర్ట్జ్ దాటాక శబ్దాన్ని ముందుకే చిమ్ముతుంది. సోఫా చివర కూర్చున్నవాళ్లకి తాళం మెరుపు తక్కువే. కానీ ఆరున్నర అంగుళాల వూఫర్ 2600 దగ్గరే సన్నబడుతుంది, ట్వీటర్ అందుకోగానే శబ్దం ఒక్కసారిగా విచ్చుకుంటుంది. గోడల నుంచి తిరిగొచ్చే శబ్దంలో అక్కడ ఒక మెట్టు పడుతుంది. నెమ్మదిగా సన్నబడేదాన్ని చెవి సర్దుకుంటుంది, ఆ మెట్టుని సర్దుకోవడం నా చెవికి కష్టం. పెట్టెల్ని వినేవాడి వైపు కాస్త తిప్పి పెడితే ముందున్న ఇద్దరు ముగ్గురికి ఏ లోటూ ఉండదు.

ఇంట్లో కట్టుకోవడం, పోల్చి చూసుకోవడం ఈ వాదనలో విడదీయలేని భాగం. రెండు స్పీకర్ల పెట్టెని ఒంటరి మనిషి సరిగ్గా కట్టాలంటే కొలిచే మైకు, సాఫ్ట్‌వేర్, క్రాసోవర్ లెక్కలు, నాలుగైదు రకాల కాయిళ్లు కావాలి. ఫుల్‌రేంజ్‌కి 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, ఫెవికాల్, దిండు దూది, నమ్మకమైన వడ్రంగి చాలు. లోపలి కొలత 16, 24, 16 సెంటీమీటర్లు పెడితే సుమారు 6 లీటర్లు. చేయి తిరగడానికి కోఠి గుజరాతీ గల్లీలోనో, ఏ ఊళ్లోనైనా రిపేరు షాపులోనో దొరికే పాత టీవీ స్పీకరుతో మొదలుపెట్టినా తప్పులేదు.

ఒకే స్పీకరుకి రెండు పెట్టెలు కట్టి పోల్చడంలో ఉన్న పాఠం ఏ పుస్తకంలోనూ దొరకదు. ఒకటి పూర్తిగా మూసిన పెట్టె. రెండోది ఇంగ్లండులో పాల్ వాయిట్ 1930లలో వాడిన పద్ధతిలో పైకి సన్నంగా, కిందికి వెడల్పుగా ఉండే నిలువు గొట్టం. ఇది నాలుగో వంతు తరంగం మీద పనిచేస్తుంది. 50 హెర్ట్జ్‌కి ఆ నాలుగో వంతే 1.7 మీటర్లు, కాబట్టి పెట్టె మనిషంత ఎత్తు అవుతుంది. మొదటి నిమిషంలో గొట్టమే గెలుస్తుంది. బేస్ నిండుగా, గది పెద్దదైనట్టు ఉంటుంది. తర్వాత తంబూరా పెట్టండి. శ్రుతి బాగా కలిసిన తంబూరాలో ఎవరూ మీటని అంతర గాంధారం దానంతటదే తేలుతుంది. ఒకటో శ్రుతిలో మంద్ర షడ్జం తీగ నుంచి అది సుమారు 327 హెర్ట్జ్ దగ్గర పుడుతుంది. పెట్టె పలకలు మోగేదీ, దూది సరిపోని గొట్టం గుయ్యిమనేదీ ఈ చుట్టుపక్కలే. గొట్టంలో గాంధారం మసకబారితే దూది పెంచాలి, పక్కపలకకి లోపల అడ్డబద్ద కొట్టాలి. మూసిన పెట్టెలో అదే గాంధారం విడిగా, చిన్నగా, స్పష్టంగా నిలబడుతుంది. గొంతుకి నేను మూసిన పెట్టెనే కోరుకుంటాను, గోడకి దగ్గరగా జరిపి. నాగస్వరం, డోలు వినాలంటే గొట్టం.

పోల్చడంలో మోసం జరగకుండా చూసుకోవాలి. కెనడా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌లో ఏళ్ల తరబడి శ్రోతలతో పరీక్షలు చేసిన ఫ్లాయిడ్ టూల్ ఫుల్‌రేంజ్ పక్షం మనిషి కాదు. అందుకే ఆయన పద్ధతిని వాడమంటాను. ఆయన, షాన్ ఆలివ్ 1994లో చూపించిందేమంటే, స్పీకరు కళ్లకి కనిపిస్తే దాని సైజు, ధర, పేరు మన తీర్పుని మార్చేస్తాయి. టూల్ ఇంకోటి కూడా చెప్పారు. రెండు పెట్టెల స్టీరియోలో దాక్కునే లోపాలు ఒక్క పెట్టెని మోనోలో వింటే బయటపడతాయి. మూడు స్పీకర్లు కనిపించగానే మూడింతల సంగీతం విన్నామని చెవి ఒప్పుకోవడం ఆ కళ్లతో తీర్పు చెప్పే జబ్బే.

రికార్డింగు స్టూడియోల్లో ఆరాటోన్ అనే చిన్న ఒంటి స్పీకరు పెట్టె ఒకటి ఉండేది. మైకేల్ జాక్సన్ 1982 నాటి థ్రిల్లర్ ఆల్బమ్‌ని మిక్స్ చేసిన బ్రూస్ స్వీడియెన్ కూడా దాన్ని వాడినవాడే. గొంతు పాటలో ఎక్కడ కూర్చుందో తేల్చుకోవడానికి పెద్ద మానిటర్లు పక్కనుండగానే ఇంజనీర్లు ఆ చిన్న పెట్టె వైపు తిరిగేవాళ్లు.

ఒక్క కోను చాలదనేవాళ్లని నేను పరీక్షకి పిలుస్తున్నాను. వాళ్ల రెండు స్పీకర్ల పెట్టె ఒకటి, అంతే ఖర్చుతో ఇంట్లో కట్టిన ఫుల్‌రేంజ్ పెట్టె ఒకటి, మోనోలో. రెంటి ముందూ పల్చని నూలుగుడ్డ తెర. కూర్చునే చోట శబ్దం అర డెసిబెల్ తేడా కూడా లేకుండా సరిచేయాలి, ఎందుకంటే కాస్త గట్టిగా పలికేదే బాగుందనిపించడం చెవి స్వభావం. వినిపించేవి నాలుగు చాలు. తంబూరా ఒక్కటే ఒక నిమిషం, వీణ ఆలాపన ఒకటి, పాత సినిమా పాట ఒకటి, వింటున్నవాళ్ల ఇంట్లో మనిషే పేపరు చదువుతుండగా రికార్డు చేసిన ఒక పేరా. ఆ చివరిది అన్నిటికన్నా ముఖ్యం. వీణ ఎలా పలకాలో ఎవరి ఊహ వాళ్లది, అమ్మ గొంతు ఎలా ఉంటుందో మాత్రం బిడ్డకి తెలుసు. ఒక్కోటీ కూర్చుని ఒకసారి, నిలబడి ఒకసారి వినాలి. తెర తీయకముందే ఎవరి తీర్పు వాళ్లు కాగితం మీద రాసి బల్ల మీద పెట్టాలి.